285 రేసులు, ఒక్క గెలుపూ లేదు: రిచర్డ్ చిల్డ్రెస్‌ను నేనెందుకు గొప్ప మేనేజరంటాను

మామూలు కార్లను పోలిన కార్లతో అమెరికాలో స్టాక్ కార్ రేసులు నడిపే సంస్థ నాస్కార్ చరిత్రలో అందరికంటే ఎక్కువగా 200 రేసులు గెలిచిన రిచర్డ్ పెట్టీ 1992లో స్టీరింగు వదిలి జట్టు నడపడానికే పరిమితమయ్యాక, 2008తో ముగిసిన ఆ కుటుంబ సంస్థ పెట్టీ ఎంటర్‌ప్రైజెస్ అగ్రశ్రేణి కప్ సిరీస్‌లో మూడంటే మూడు రేసులు గెలిచింది. 83 రేసులు, వరుసగా మూడు చాంపియన్‌షిప్‌లు గెలిచిన కేల్ యార్‌బరోకు జట్టు యజమానిగా దక్కిన కప్ గెలుపు ఒక్కటే, అది 1997 జులైలో ఫ్లోరిడాలోని డేటోనా ట్రాక్‌లో డ్రైవరు జాన్ ఆండ్రెట్టీ తెచ్చిపెట్టినది. 84 రేసుల విజేత డారెల్ వాల్ట్రిప్ 1991లో సొంత జట్టు పెట్టుకుని, తన కారు తానే నడుపుకొని, మొదటి రెండేళ్లలో ఐదు రేసులు గెలిచి, ఆ తర్వాత ఒక్కటీ గెలవలేక 1998లో జట్టును వదిలించుకున్నాడు. వీళ్ల పక్కన రిచర్డ్ చిల్డ్రెస్‌ను నిలబెట్టి చూడండి. 1969 నుంచి 1981 దాకా 285 కప్ రేసుల్లో దిగి ఆయన ఒక్కటీ గెలవలేదు, కాని ఆయన జట్టు వందకు పైగా కప్ రేసులు, ఆరు కప్ చాంపియన్‌షిప్‌లు గెలిచింది. ఈ అంకెలను పక్కపక్కన పెట్టినప్పుడల్లా, గొప్పగా ఆడినవాడే గొప్పగా ఆడించగలడన్న మన నమ్మకానికి ఆధారమేమిటన్న అనుమానం నాకు వస్తుంది.

నేనుండే నార్త్ కరొలైనాలోని షార్లెట్ ప్రాంతంలో ఈ ప్రస్తావన తరచు వస్తుంది, ఎందుకంటే కప్ సిరీస్ జట్ల షెడ్లలో అధికభాగం ఈ నగరం చుట్టుపక్కలే ఉన్నాయి, నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్ నగరం నడిబొడ్డున ఉంది. ఇక్కడి తెలుగువాళ్లలో చాలామందికి, బండ్లు గిరగిరా తిరగడంలో చూడ్డానికేముందన్న అభిప్రాయం ఉంది. వాళ్లను తప్పుపట్టను, టీవీలో చూస్తే నిజంగానే అలా కనిపిస్తుంది. 2010లో నరైన్ కార్తికేయన్ వచ్చి మార్టిన్స్‌విల్ ట్రాక్‌లో తన మొదటి ట్రక్ సిరీస్ (కప్ కంటే కింది స్థాయి నాస్కార్ పోటీ) రేసును 13వ స్థానంలో ముగించినప్పుడు మనవాళ్లలో కాస్త కుతూహలం కలిగింది గాని, అదీ ఎంతో కాలం నిలవలేదు. ఇక్కడే పుట్టిపెరిగిన నా సహోద్యోగులు మాత్రం ఈ ఆట గురించి మాట్లాడితే, మన ఊళ్లలో హీరోల అభిమానులు వాదించుకున్నంత పట్టుదలతో వాదిస్తారు. వాళ్లలో ఎక్కువమంది అనేది ఒకటే: చిల్డ్రెస్ అదృష్టవంతుడు, డేల్ ఎర్న్‌హార్ట్ లాంటి డ్రైవరు దొరికాడు కాబట్టి గెలిచాడు, ఎర్న్‌హార్ట్ ఎవరి కారెక్కినా గెలిచేవాడే. నాకు ఈ వాదం ఎప్పుడూ మింగుడుపడలేదు. చిల్డ్రెస్ గెలవని ఆ పన్నెండేళ్లే ఆయనను తయారుచేశాయన్నది నా వాదన.

ఆయన 1945లో విన్‌స్టన్-సేలంలో పుట్టాడు, ఐదేళ్ల వయసులో తండ్రి పోయాడు. ఆ ఊళ్లోని బౌమన్ గ్రే స్టేడియంలో పల్లీలు, పాప్‌కార్న్ అమ్మిన కుర్రవాడు, పదిహేడేళ్లకు 20 డాలర్లు పెట్టి 1947 నాటి ప్లిమత్ కారొకటి కొని, అదే స్టేడియంలో రేసులోకి దిగాడు. నాస్కార్ గురించి ఏమీ తెలియనివాళ్లను నేను తీసుకెళ్లేది అక్కడికే. పురపాలక సంస్థకు చెందిన ఫుట్‌బాల్ మైదానం చుట్టూ పావు మైలు తారు ట్రాక్, దానికి వాలు దాదాపు ఉండదు, చూసేవాళ్ల మోకాళ్లకు కొద్ది గజాల దూరంలో కార్లు తిరుగుతుంటాయి. వేసవి శనివారం రాత్రి అక్కడ కూర్చుంటే, ముందున్న కారును దాటడానికి చోటు లేక వెనకవాడు ముక్కుతో పొడవడం, పొడిపించుకున్నవాడు తర్వాతి ల్యాపులో (ట్రాక్ చుట్టూ ఒక చుట్టులో) లెక్క సరిచేయడం, కాలిన రబ్బరు వాసన జనం తింటున్న హాట్‌డాగుల వాసనతో కలిసిపోవడం, అన్నీ ఒకేసారి అనుభవంలోకి వస్తాయి. మొదట్లో నా దృష్టంతా ఆ గుద్దులాటమీదే ఉండేది. ఇప్పుడు మాత్రం రేసు అయ్యాక వంగిన బంపరు ముందు నిలబడి, వచ్చే వారానికి ఇది బాగవుతుందా, దానికెంత ఖర్చు అని మాట్లాడుకునే ఇద్దరు ముగ్గురి వైపు చూస్తాను. చిల్డ్రెస్ ఎదిగింది ఆ లెక్కల మధ్యనే.

ఆయన మొదటి కప్ రేసు కొంత వివాదంతో కూడుకున్నది. 1969 సెప్టెంబరులో అలబామాలో కొత్తగా కట్టిన టల్లడేగా ట్రాక్‌లో వేగం గంటకు 200 మైళ్లకు చేరువవుతుంటే టైర్లు తట్టుకోలేక చిరిగిపోసాగాయి. పెట్టీ నాయకత్వంలోని డ్రైవర్ల సంఘం రేసును బహిష్కరించి వెళ్లిపోయింది. నాస్కార్ అధిపతి బిల్ ఫ్రాన్స్, ముందురోజు చిన్న తరగతి రేసులో పాల్గొన్నవాళ్లను ఉండిపొమ్మని అడిగి, వాళ్లతో వరస నింపాడు. అలా ఉండిపోయినవాళ్లలో చిల్డ్రెస్ ఒకడు, తన కమారో కారుతోనే ఆ రేసులో దిగాడు. సమ్మెలో ఉన్నవాళ్ల చోటులో పనికి దిగడం నాకు నచ్చే విషయం కాదు, ఆ రోజు పెట్టీ పక్షానే న్యాయముందని నా అభిప్రాయం. అయితే ఆ వారాంతం చేతికొచ్చిన డబ్బుతో చిల్డ్రెస్ షెడ్డు కట్టుకున్నాడన్న సంగతిని గమనించాలి. ఆ వయసులో రేసు పిచ్చి ఉన్న కుర్రవాడు అలాంటి డబ్బు చేతిలో పడితే ఇంకాస్త బలమైన ఇంజను కొంటాడు, ఈయన మాత్రం పని చేసుకోవడానికి చోటు కట్టుకున్నాడు.

ఆ తర్వాతి పన్నెండేళ్ల గురించే నేను ఎక్కువగా చెప్పదలచుకున్నాను. ఆ రోజుల్లో పెద్ద స్పాన్సర్ల అండ ఉన్న జట్లు కొన్నే ఉండేవి, మిగిలినవాళ్లను ఇండిపెండెంట్లనేవారు. ఇండిపెండెంటంటే కారు యజమాని, డ్రైవరు, మేనేజరు, చాలాసార్లు ప్రధాన మెకానిక్కూ ఒక్కడే, సాయానికి వచ్చేవాళ్లలో జీతం లేనివాళ్లే ఎక్కువ. పెద్ద జట్లు కొద్ది ల్యాపులు వాడి పక్కన పడేసిన టైర్లను తక్కువ ధరకు కొనుక్కుని వాటితో వారం గడుపుకోవాలి. ఇలాంటి మనిషి రేసులో ఏం చేయాలి? ముందున్నవాణ్ణి దాటడానికి ప్రయత్నించి గోడకు కొట్టుకుంటే, ఆ వారం ప్రైజ్ మనీ పోవడంతో ఆగదు, వచ్చే వారం దిగడానికి కారే ఉండదు. ఇంజనును చివరి వంద మైళ్లలో పూర్తి శక్తితో పరుగెత్తిస్తే ఒకటి రెండు స్థానాలు పైకి రావచ్చు, ఇంజను పేలితే నెల సంపాదన పోతుంది. అందుకని ప్రతి మలుపులోనూ ఈ స్థానం విలువెంత, దీనికోసం నేను పణంగా పెడుతున్నదెంత అని లెక్క వేసుకుంటూ నడపాలి.

చిల్డ్రెస్ ఈ లెక్కలో ఆరితేరాడు. 285 రేసుల్లో మొదటి ఐదు స్థానాల్లోకి వచ్చింది ఆరుసార్లే, మొదటి పదిలోకి మాత్రం 76 సార్లు వచ్చాడు. 1975లో ఒక్క రేసూ గెలవకుండానే ఏడాది మొత్తం పాయింట్లలో ఐదో స్థానంలో నిలిచాడు. ఈ రికార్డును అభిమానులు సామాన్యమైనదిగా కొట్టిపారేస్తారు, నేనేమో ఒక చిన్న సంస్థ పన్నెండేళ్ల జమాఖర్చుల పుస్తకంగా చదువుతాను. వారం వారం తన కారు పూర్తి సామర్థ్యమెంతో నిజాయితీగా తెలుసుకుని, అంతకు మించి ఆశపడకుండా, అంతకు తగ్గకుండా ఫలితం రాబట్టుకున్నవాడికే ఇలాంటి అంకెలు వస్తాయి. 200 రేసులు గెలిచినవాడికి ఈ చదువు అందదు. అతని కారు బాగా లేనిరోజు కూడా అతని నైపుణ్యం ఆ లోపాన్ని కప్పేస్తుంది, రేపు మరొకరిని ఆ కారులో కూర్చోబెట్టినప్పుడు లోపం ఎక్కడుందో అతనికి అంతు చిక్కదు.

1981 వేసవికి వద్దాం. ముందు సంవత్సరం రాడ్ ఆస్టర్‌లండ్ జట్టులో చాంపియన్ అయిన ఎర్న్‌హార్ట్, ఆ జట్టు సీజన్ మధ్యలో మరొకరికి అమ్ముడుపోవడంతో, కొత్త యజమాని దగ్గర ఇమడలేక బయటికొచ్చాడు. అతని వెంట రాంగ్లర్ జీన్స్ కంపెనీ స్పాన్సర్‌షిప్ డబ్బు ఉంది, కారు లేదు. చిల్డ్రెస్ దగ్గర కారుంది, డబ్బు లేదు, డ్రైవరు తానే. ఆగస్టులో టల్లడేగా రేసు తర్వాత ఆయన తన కారు దిగి ఎర్న్‌హార్ట్‌ను ఎక్కించాడు. అప్పటికి చిల్డ్రెస్‌కు ఇంకా ముప్పై ఆరేళ్లు నిండలేదు. ఆ రోజుల్లో స్టాక్ కార్ డ్రైవర్లు నలభై దాటినా గెలుస్తూనే ఉండేవారు, కాబట్టి వయసైపోయి దిగాడని ఎవరూ అనలేరు. పల్లీలమ్మిన రోజునుంచి కలగన్న సీటది, దాన్ని వేరొకడికి ఇవ్వడమంటే, ఈ కారును నాకంటే అతను బాగా నడుపుతాడని తన మనుషులందరి ముందూ ఒప్పుకోవడమే. వాల్ట్రిప్ ఏడేళ్లపాటు చేయలేకపోయిన పని ఇదే.

అంతకంటే పెద్ద నిర్ణయం మరి కొద్ది నెలలకు వచ్చింది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. మిగిలిన 11 రేసుల్లో ఎర్న్‌హార్ట్ ఒక్కటీ గెలవలేదు. సీజన్ చివర చిల్డ్రెస్ అతనితో, మా జట్టు ఇంకా నీ స్థాయికి ఎదగలేదు, గెలిపించగల కారున్న చోటుకు వెళ్లమని చెప్పి పంపించాడు. చేతికి చిక్కిన చాంపియన్‌ను, స్పాన్సర్‌తో సహా వదులుకోవడం వ్యాపార దృష్టితో చూస్తే పిచ్చితనం. కాని లెక్క వచ్చినవాడు ఇంకోలా ఆలోచిస్తాడు: బలహీనమైన కారులో గొప్ప డ్రైవర్‌ను రెండేళ్లు కూర్చోబెడితే, అతని నమ్మకం పోతుంది, జట్టు పేరూ పోతుంది, ఇద్దరూ శాశ్వతంగా విడిపోతారు. ఎర్న్‌హార్ట్ బడ్ మూర్ జట్టుకు వెళ్లాడు. చిల్డ్రెస్ యువకుడైన రికీ రడ్‌ను తెచ్చుకుని, రెండేళ్లపాటు కారును, ఇంజన్లను, మనుషులను సరిదిద్దుకుంటూ వచ్చి, 1983 జూన్‌లో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో మొదటి కప్ గెలుపు చూశాడు. ఆ ఏడాది రడ్ మార్టిన్స్‌విల్‌లోనూ గెలిచాడు. 1984లో ఎర్న్‌హార్ట్ తిరిగొచ్చాడు, రడ్ బడ్ మూర్ దగ్గరికి వెళ్లాడు.

ఎర్న్‌హార్ట్ ఎవరి కారెక్కినా గెలిచేవాడేనన్న వాదాన్ని ఇక్కడ పరీక్షించవచ్చు. అతని మొత్తం 76 గెలుపుల్లో ఆస్టర్‌లండ్ జట్టుకు ఆరు, బడ్ మూర్ జట్టులో రెండు పూర్తి సీజన్లలో మూడు, మిగిలిన 67 చిల్డ్రెస్ కార్లలో వచ్చాయి. ఏడు చాంపియన్‌షిప్‌లలో ఆరు, అంటే 1986, 1987, 1990, 1991, 1993, 1994 సంవత్సరాలవి, చిల్డ్రెస్ దగ్గరివే. బడ్ మూర్ ఆషామాషీ మనిషి కాదు, హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటున్నవాడు. అతని దగ్గర రెండేళ్లలో మూడుసార్లు గెలిచిన డ్రైవరు చిల్డ్రెస్ దగ్గర 1987 ఒక్క ఏడాదిలోనే 11 రేసులు గెలిచాడు. వయసుతో వచ్చిన పరిణతిని నేను కాదనను, అయితే కారుకూ జట్టుకూ రావలసిన వాటా చాలానే ఉంది.

ఆ వాటాలో పెద్ద భాగం కర్క్ షెల్మర్‌డీన్‌ది. క్రూ చీఫంటే రేసు రోజున కారు తయారీకి, టైర్లు మార్చి ఇంధనం నింపే పిట్‌లో ఎప్పుడు ఆపాలన్న నిర్ణయానికి బాధ్యుడు. చిల్డ్రెస్ ఇరవైల్లో ఉన్న కుర్రవాడి చేతిలో ఆ పని పెట్టాడు, అతను నాలుగు చాంపియన్‌షిప్‌లు తెచ్చాడు. 1992 చివర షెల్మర్‌డీన్ ఉద్యోగం వదిలేశాడు, కారణం వింటే నవ్వాలో బాధపడాలో తెలియదు: అతనికి డ్రైవర్ కావాలనుంది. ఆ తర్వాత కప్ స్థాయిలో అడపాదడపా దిగాడు గాని ఒక్క రేసూ గెలవలేదు. చిల్డ్రెస్ దిగిన మెట్లను అతను ఎక్కబోయాడు. జట్టు మాత్రం కుంగలేదు, ఆండీ పెట్రీ వచ్చిన వెంటనే 1993, 1994 చాంపియన్‌షిప్‌లు వచ్చాయి.

దీనికి ఎదురు ఉదాహరణలు లేకపోలేదు. జూనియర్ జాన్సన్ డ్రైవర్‌గా 50 రేసులు గెలిచి, యజమానిగా యార్‌బరోతో మూడు, వాల్ట్రిప్‌తో మూడు చాంపియన్‌షిప్‌లు గెలిచాడు. గెలిచినవాడు మేనేజర్‌గా పనికిరాడన్న సూత్రం నాదైతే, అతనొక్కడే దాన్ని పడగొడతాడు. అయితే జాన్సన్ కథ తరచి చూస్తే అదీ లెక్క వేసుకునే మనిషి కథే. నార్త్ కరొలైనా కొండల్లో తండ్రి కాచిన దొంగసారాను రాత్రిపూట పోలీసులకు దొరక్కుండా తోలినవాడు, బట్టీ దగ్గర పట్టుబడి జైలుకెళ్లి వచ్చినవాడు, ముప్పై అయిదేళ్ల ప్రాంతంలోనే, గెలుస్తూ ఉండగానే, స్టీరింగు వదిలాడు. 1960లో ఈ ఆటలో అన్నిటికంటే పేరున్న రేసు డేటోనా 500లో తన కారు మిగతావాటికంటే నెమ్మదని తెలిసి, వేగమైన కారు వెనకే అంటుకుని వెళితే గాలి ఒత్తిడి తగ్గి తన కారూ అంతే వేగంగా పోతుందని గ్రహించి, ఆ కిటుకుతోనే రేసు గెలిచాడు. తర్వాత తన జట్టుకు స్పాన్సర్‌షిప్ అడగడానికి సిగరెట్ల కంపెనీ ఆర్.జె. రెనాల్డ్స్ దగ్గరకు వెళ్లి, టీవీ ప్రకటనలపై నిషేధంతో వాళ్ల దగ్గర మిగిలిపోయిన డబ్బెంతో తెలుసుకుని, మొత్తం సిరీస్‌కే డబ్బు పెట్టమని నాస్కార్ వైపు మళ్లించినవాడూ అతనే. ఆ ఒప్పందంతోనే 1971 నుంచి సిరీస్ పేరు, ఆ కంపెనీ సిగరెట్ పేరుమీద, విన్‌స్టన్ కప్ అయింది. కాబట్టి గెలుపోటములు అసలు కొలతే కావు, తన కారు బలహీనతను దాచుకోకుండా చూడగలిగాడా, తగిన సమయంలో దిగగలిగాడా అన్నవే కొలతలు.

అలన్ కుల్విక్కిని మాత్రం ఈ కొలతలో ఇమడ్చలేను. జాన్సన్ పదిలక్షల డాలర్లిస్తానన్నా ఆ జట్టులో చేరకుండా, సొంత కారు తానే నడుపుకుంటూ, 1992 చివరి రేసులో ఎన్ని ల్యాపులు ముందుంటే బోనస్ పాయింట్లు దక్కుతాయో లెక్క కట్టి, జాన్సన్ డ్రైవరు బిల్ ఎలియట్ కంటే ఒకే ఒక్క ల్యాపు ఎక్కువ ముందుండి, పది పాయింట్ల తేడాతో చాంపియన్ అయ్యాడు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివిన మనిషి. ఆరు నెలలు తిరక్కుండానే, 1993 ఏప్రిల్ 1న విమాన ప్రమాదంలో పోయాడు. మరొక డ్రైవర్-యజమాని చాంపియన్ కావడానికి 2011 దాకా, టోనీ స్టువర్ట్ దాకా ఆగాల్సి వచ్చింది.

2001 ఫిబ్రవరి 18న డేటోనా 500 చివరి ల్యాపులో ఎర్న్‌హార్ట్ గోడకు కొట్టుకుని మరణించాడు. అంతకు ముందెప్పుడో న్యూ మెక్సికోలో వేటకు వెళ్లినప్పుడు చిల్డ్రెస్ గుర్రం మీదనుంచి పడి చావు తప్పించుకున్నాడు. ఆ రాత్రి ఇద్దరూ, ఒకరికేమైనా అయితే రెండోవాడు రేసు ఆపకూడదని అనుకున్నారని ఆయన తర్వాత చెప్పాడు. మరుసటి వారమే కారు బయల్దేరింది. అయితే ఎర్న్‌హార్ట్ నల్ల రంగుకు బదులు తెల్ల రంగు, అతని 3వ నంబరుకు బదులు 29, లోపల ఇరవై అయిదేళ్ల కెవిన్ హార్విక్. అభిమానుల దుఃఖం ఆ కుర్రవాడి మీద పడకుండా ఉండడానికి మేనేజర్‌గా ఆయన చేయగలిగింది ఆ రంగూ అంకే మార్చడం, దాన్ని ఆలస్యం లేకుండా చేశాడు. తన మూడో కప్ రేసులో, మార్చి 11న అట్లాంటాలో, హార్విక్ జెఫ్ గోర్డన్‌ను సెకనులో వెయ్యింట ఆరు వంతుల తేడాతో ఓడించాడు.

ఇంత చెప్పాక, నా వాదానికి ఇబ్బంది కలిగించే భాగాన్ని దాటవేయడం కుదరదు. 1994 తర్వాత, 2025 సీజన్ ముగిసేనాటికి కూడా, ఆ జట్టుకు కప్ చాంపియన్‌షిప్ మళ్లీ రాలేదు. పదమూడేళ్లు ఉన్న హార్విక్ 2013 చివర వెళ్లిపోయి, కొత్త జట్టులో మొదటి ఏడాదే చాంపియన్ అయ్యాడు. 2011లో చిల్డ్రెస్ కాన్సస్‌లో మరో జట్టు డ్రైవరు కైల్ బుష్ మీద చేయి చేసుకుని 1,50,000 డాలర్ల జరిమానా కట్టాడు. అదే కైల్ బుష్‌ను 2023లో తన జట్టులోకి తెచ్చుకోవడం, బుష్ రెండో రేసులోనే గెలవడం పాత చిల్డ్రెస్‌ను గుర్తుచేశాయి, ఎందుకంటే పగ కంటే అవసరం పెద్దదని లెక్క తెలిసినవాడు గ్రహిస్తాడు. ఆ ఊపు మాత్రం నిలబడలేదు.

నా అభ్యంతరమంతా 3వ నంబరు కారు దగ్గరే. 2014లో ఆ నంబరును తిరిగి తెచ్చి పెద్ద మనవడు ఆస్టిన్ డిలన్‌కు ఇచ్చాడు. డిలన్ చేతకానివాడు కాదు, 2018 డేటోనా 500 గెలిచాడు. 2024 ఆగస్టులో రిచ్‌మండ్‌లో చివరి ల్యాపులో ఇద్దరిని గుద్ది గెలిస్తే, నాస్కార్ గెలుపును ఉంచి, దానితో వచ్చే ప్లేఆఫ్ (సీజన్ చివర చాంపియన్‌ను తేల్చే రేసులు) అర్హతను తీసేసింది. ఏడాది తర్వాత అక్కడే, ఎవరూ వేలెత్తి చూపలేని విధంగా మళ్లీ గెలిచాడు. అయినా పుష్కరకాలంగా పూర్తి సీజన్లు ఆడుతున్న డ్రైవరు చాంపియన్‌షిప్‌కు పోటీదారుగా ఎప్పుడూ కనిపించకపోతే, 1981 నాటి చిల్డ్రెస్ ఏమనేవాడో మనకు తెలుసు, తన విషయంలో అన్నాడు కాబట్టి. తాతకు మనవడి మీద ఉండే మమకారాన్ని నేను తప్పనను. కాని ఆ సీటుకు డిలన్ కంటే మెరుగైన డ్రైవరు బజారులో దొరికిన ఏడాది ఈ పన్నెండేళ్లలో ఒక్కటీ లేదని ఎవరైనా నన్ను ఒప్పించాలంటే, హార్విక్ 2014 రికార్డును ముందుగా వివరించాల్సి ఉంటుంది.